ద్రాక్షారసమట!

ఈ మధ్యాహ్నం సిరిసిల్లలో ఒక రెస్టారెంటుకు వెళ్లాం. కూతురికి ఉద్యోగం వచ్చిందని మా చెల్లెలి భర్త ఇచ్చిన దావత్ అది. ఫ్యామిలీ రెస్టారెంటు అన్నారు. లోపల బార్ ఉందని కూర్చున్నాకే తెలిసింది.

మా తమ్ముడు తాగుడు మానేసిన సంగతి ఆ మరిదికి బాగా తెలుసు. అయినా వైన్ తెప్పించి మొదట వాడి గ్లాసులోనే పోశాడు.

"వద్దు బావా, ఇడిసిపెట్టిన."

"గిది మందు కాదురా, ద్రాక్షారసం! ఆదివారం చర్చిల తాగుతలేవా?"

అందరూ నవ్వారు. తమ్ముడి చెయ్యి గ్లాసు అందుకోబోయింది. పక్కన వాడి భార్య తినడం ఆపేసింది.

ప్రభువు బల్ల దగ్గర తలవంచి తీసుకునేదాన్ని ఎగతాళి చేస్తే నాకు ఒళ్లు మండింది. గ్లాసు తీసి మరిది ముందు పెట్టాను.

"ఆ ద్రాక్షారసం తాగినోడు ఇంటికొచ్చి పెండ్లాన్ని కొట్టడయ్యా" అన్నాను.

తమ్ముడు తలెత్తకుండానే నీళ్లు అందుకున్నాడు. మరదలు మళ్లీ అన్నం కలుపుకుంది.

దావత్ పాడుచేశానని చెల్లెలు అలిగింది. అలగనీ. మానేసినవాడికి పోయడం ఎప్పటినుంచి మర్యాద అయిందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.