బాగున్న చెవి

చెవిలో చీము కారుతోందని వచ్చినవాళ్ళకు నేను ముందు రెండో చెవి చూస్తాను. చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరు గారు నేర్పిన అలవాటు ఇది. ఆయన పెద్దగా వివరించే మనిషి కాదు. రోగి వేలితో చూపించిన చెవిలోకి మాలో ఎవరైనా నేరుగా లైటు వేస్తే, "అది వాళ్ళకు తెలిసిన చెవి. తెలియనిది చూడు" అనేవారు. కొన్నేళ్ళపాటు ఆయన మీద భయంతో చూశాను. గుంటూరులో ప్రాక్టీసు పెట్టాక నా అవసరం కొద్దీ చూస్తున్నాను. రెండు చెవులకూ గాలి అందేది ముక్కు వెనక నుంచే. చిన్నప్పటి నుంచీ ఒక చెవి బాధపడుతుంటే రెండోది ఏమీ ఎరగనట్టు ఉంటుందని నమ్మడం కష్టం. అయినా రోగులు అలాగే నమ్ముతారు. వాళ్ళకు అదొక్కటే మిగిలింది కాబట్టి.

పొన్నూరు దగ్గర పల్లె నుంచి ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చింది మిర్చి సీజన్లో. గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగిందంటే మా వెయిటింగ్ హాల్లో ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతారు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. పరుపులూ దిండ్లూ కుట్టే పని. దూది ఏకే మిషన్ను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఊరూరా తిరుగుతారట మొగుడూ పెళ్ళాలు. కుడి చెవిలో దూది కుక్కుకుని ఉన్నాడు.

"చిన్నప్పటి నుంచీ కారుద్దండి ఇది" అన్నాడు. "దీంతో వినేదేం లేదు, ఎప్పుడో వదిలేశా. వాసన ఆగితే చాలండి. దిండు గలీబులు ఉతకలేక చస్తన్నానని ఈవిడ ఒకటే గోల."

నేను ఆయన తలను రెండోవైపు తిప్పాను.

"అది కాదమ్మా, ఇటేపు."

"తెలుసండి. ముందు ఇది చూస్తాను."

ఆయన అరచేత్తో ఎడమ చెవి మూసేసుకున్నాడు. "ఇది నిక్షేపంగా ఉందండి. దీని జోలికి పోబాకండి. మా అన్నకి బస్టాండులో ఒకడు గులిమి తీస్తానని కెలికి, ఉన్న వినికిడి కూడా పోగొట్టాడు."

చూడడమే తప్ప ముట్టుకోనని చెప్పాక చెయ్యి తీశాడు. చెవిపొర దాదాపు మామూలుగానే ఉంది. పైన ఒక మూల మాత్రం చిన్న పొక్కు అంటుకుని ఉంది, గోధుమరంగులో. తొందరలో చూస్తే గులిమి అనుకుని వదిలేయచ్చు. కానీ పొర పల్చగా ఉండే ఆ మూలకి గులిమి సాధారణంగా చేరదు. దాన్ని తీసి కింద ఏముందో చూడాలన్నాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

నేను బలవంతం చేయలేదు. ఎలాగూ కుడి చెవికి వినికిడి పరీక్ష కావాలి, రెండింటికీ చేయించమని పంపాను. రిపోర్టు వచ్చింది. కుడి చెవిలో వినికిడి బాగా తగ్గింది, నరం మాత్రం గట్టిగా ఉంది. ఎడమ చెవిలోనూ కొంత తగ్గుదల ఉంది. ఎక్కువ కాదు, కానీ ఉంది. ఆ మాటే చెప్పాను.

"ఆ గదిలో ఏసీ మోతండి. అందుకే తేడాగా వచ్చుంటది."

అప్పటిదాకా ఆయన భార్య పెద్దగా మాట్లాడలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఏసీ కాదండి" అంది. "ఏడాదికి పైగా ఎనకనించి పిలిస్తే పలకట్లేదు. నామీద కోపంతో పలకట్లేదనుకున్నా."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఎప్పుడు పిలిచావే?"

"పిలుస్తానే ఉన్నా గదయ్యా. మిషను కాడ పిలిచా, ఇంట్లో పిలిచా. మొన్న సంతలో పిలిచి పిలిచి నేనే ఎనక్కొచ్చా."

"కోపమెందుకే నాకు?"

"ఏమో, నాకేం తెలుసు. అడిగితే గొడవ ఇంకా పెద్దదవుద్దని ఊరుకున్నా."

బయట నా కోసం ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, కానీ అప్పుడు తొందర పెడితే పని చెడుతుందని నేను రిపోర్టు చూస్తూ ఉండిపోయాను. చివరికి ఆయనే, "నొప్పెడద్దా?" అన్నాడు.

మైక్రోస్కోపు కింద పడుకోబెట్టి పొక్కును నెమ్మదిగా లేపాను. దాని కింద ఒక చిన్న సంచి. అందులో తెల్లటి పొట్టు, ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి. ఆయన బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. అయిపోయిందన్నాక కూడా వదల్లేదు.

ఇలాంటివి వివరించడానికి నాకు కొన్ని తయారు మాటలు ఉన్నాయి, అవే చెప్పాను. పొర తాలూకు చర్మం లోపలికి సంచిలా పోయింది, రాలిన పొట్టు బయటికి వచ్చే దారి లేక అందులోనే పేరుకుంటోంది, అది పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. నొప్పి ఉండదు. చాలాకాలం చీము కూడా కారదు. అందుకే ఎవరూ దాన్ని పట్టించుకోరు.

"మరి కుడిదో?"

"దానికి పొరలో చిల్లు పడింది. చీమూ వాసనా దానివల్లే. చికాకు ఎక్కువ గానీ ప్రమాదం తక్కువ."

"అంటే పాడైంది మంచిదీ, మంచిది పాడైందీనా అండీ?"

"దాదాపుగా అంతే."

స్కాన్ తీయించాము. ఎడమవైపు నీడ చిన్నదే, ఇంకా ఆ మూల దాటి పోలేదు. ఇక ఏ చెవి ముందు అన్నది తేల్చుకోవాలి. వెంటనే ఎడమ చెవికే ఆపరేషన్ చేయాలనే డాక్టర్లు ఉన్నారు, వాళ్ళది తప్పని నేను అనను. కానీ ఆయన లోకాన్ని వింటున్నది ఆ ఒక్క చెవితోనే. అక్కడ కత్తి పెడితే వినికిడి తగ్గొచ్చు. కుడి చెవికి నరం బాగుంది కాబట్టి, చిల్లు మూస్తే అది మళ్ళీ పనికొస్తుంది. ఎడమ చెవి సంచిని నెలా రెండు నెలలకోసారి శుభ్రం చేస్తూ కనిపెట్టి ఉండొచ్చు. ముందు కుడి చెవికే ఆపరేషన్ అన్నాను.

"బాగున్న చెవి కోసం పాడైన చెవికి ఆపరేషనేందండీ?" అన్నాడు. ఆయన భార్య మాత్రం వెంటనే అర్థం చేసుకుంది. "రెండోది ఉంటేనే గదయ్యా దీన్ని ముట్టుకునేది" అంది.

వేసవి మొదట్లో కుడి చెవి చిల్లుకి, చెవి వెనక కండరం మీది పొర తీసి అతికించాను. అతుకు నిలిచింది. గాయం మానాక చూపించుకోవడానికి వచ్చినప్పుడు మా నర్సు పక్కగదిలో ట్రే జారవిడిచింది. ఆయన కుడివైపుకి ఉలిక్కిపడ్డాడు. తర్వాత, తను ఉలిక్కిపడ్డ సంగతే తనకు వింతగా ఉన్నట్టు, ఆ గది తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. దూది ఏకే మిషను అంత మోత చేస్తుందని ఇన్నేళ్ళూ తెలియలేదట. ఇప్పుడు తలకు తువ్వాలు చుట్టుకుని పని చేస్తున్నాడు. గాలిపంకా చప్పుడుకి నిద్ర పట్టడం లేదని కూడా ఫిర్యాదు చేశాడు. అది మాత్రం అలవాటవుతుందని చెప్పాను.

ఎడమ చెవికి వానాకాలం దాటాక చేశాను. స్కాన్లో సరిగ్గా తెలియనిది తెరిచాక తెలిసింది. శబ్దాన్ని లోపలికి చేర్చే మూడు చిన్న ఎముకల్లో మధ్యది సగం కరిగిపోయి ఉంది. మిగిలిన దాన్ని సంచి పట్టుకుని ఉంది. ఎముకను వదిలి సంచిని తీయడం కుదరలేదు. రెండూ తీసి, మృదులాస్థి ముక్కతో ఆ ఖాళీ పూడ్చాను. రోగం పూర్తిగా పోయింది. వినికిడి తగ్గింది. ముందు అనుకున్న దానికంటే కొంచెం ఎక్కువే తగ్గింది.

అలాంటి కేసులకు మేము రికార్డులో "ఫలితం సంతృప్తికరం" అని రాస్తాము. నేనూ అదే రాశాను. ఆయనకు సంతృప్తి లేదు.

"కుడిది మీరిచ్చిందండి. ఎడమది నాది. నాదే పోయింది" అన్నాడు.

వినికిడి తగ్గొచ్చని నేను ముందే చెప్పిన సంగతి గుర్తు చేయవచ్చు. సంతకం పెట్టించుకున్న కాగితం కూడా ఉంది. ఆ రెండూ ఆ పూట పనికిరావనిపించి, "అవును, తగ్గింది. వదిలేసి ఉంటే అదీ పోయేది, ఆ పక్కనే పోయే నరం దెబ్బతిని మొహం ఒకవైపు వంకర పోయే ప్రమాదం కూడా ఉండేది" అన్నాను.

"జరగనిదాన్ని జరిగుండేదని చెప్తే నేనేం చూస్తానండీ?"

నిజానికి మా వృత్తిలో సగం పని అలాంటిదే. జరగకుండా ఆపిన దాన్ని రోగికి చూపించలేము.

బయటికి వెళ్తూ ఆయన భార్య గుమ్మం దగ్గర ఆగింది. "అట్టాగే అంటాడులెండి. చిన్నప్పటి నించీ ఎడమకి తిరిగి మాట్లాడటం అలవాటయిపోయింది మెడకి. ఇప్పుడు మనిషి అటు తిరుగుతాడు, మాట ఇటు వినపడద్ది. అందుకని చిరాకు" అంది. తనకీ ఇబ్బందిగానే ఉందట. పక్కన నడవాలంటే ఏ పక్కకి రావాలో తేల్చుకోవాల్సి వస్తోందట. నవ్వుతూనే చెప్పింది.

తర్వాత కొన్ని నెలలు రాలేదు. రాడేమోననుకున్నాను. పనులు సన్నగిల్లాక వచ్చాడు. కుడి చెవి పొడిగా, అతుకు చెక్కుచెదరకుండా ఉంది. ఎడమవైపు మళ్ళీ తీయించిన స్కాన్లో ఏమీ లేదు. కబుర్లలో పెట్టి, ఈమధ్య ఎలా వినబడుతోందని అడిగాను.

"పనికి సరిపోద్దండి. పెళ్ళిళ్ళలో అందరూ ఒక్కసారి మాట్లాడితే మాత్రం తెలవదు. అయినా అక్కడ వినాల్సిందేముందిలెండి" అన్నాడు. గొంతులో నా మీద కోపం ఉందో పోయిందో పోల్చుకోలేకపోయాను. నేనూ అడగలేదు.

ఏడాదికోసారి వచ్చి రెండు చెవులూ చూపించుకుని పొమ్మన్నాను. ఆయన తలూపాడు. భార్య చేతిసంచి అందుకుంది. పొన్నూరు బస్సుకి వేళవుతోందని ఇద్దరూ బయల్దేరారు.