గుడ్డి హంసకు కన్నెవరు పెట్టారు

దయ్యాలున్నాయనే వాళ్లను నలభై ఏళ్లుగా ఎగతాళి చేస్తున్నవాణ్ని. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీయడం నా పని. గళ్ల కాగితం మీదికి ఎక్కనిదేదీ ఈ లోకంలో లేదని నా ధీమా.

మా డిజైన్ల కేంద్రంలో ప్రతి సాయంత్రం కంప్యూటర్ ఆ రోజు పనికంతా నకలు తీసి వేరే పెట్టెలో దాస్తుంది. బ్యాకప్ అంటారు. మొన్నటిదాకా దాన్ని తెరిచే వీలు ఆపరేటర్ సుజాతకొక్కదానికే ఉండేది.

ఒకరోజు నా హంసల అంచు మాయమైంది. అవతల నేతగాడు ఓబులేసు పెళ్లిచీరకు మగ్గం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. కాగితం చూసి మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించాలంటే పది రోజులు. అంతలో ఆ చీర ఇంకొకరి మగ్గానికి పోతుంది. ఫైలును కంప్యూటరే మింగేసిందని అందరికీ చెప్పాను. అబద్ధం. ఏదో సర్దబోయి నేనే చెరిపేశాను.

"ఆ బ్యాకప్పేదో మాకూ తెరువు పాపా, ఎవరివి వాళ్లు తీసుకుంటాం. ప్రతిదానికీ నిన్ను బతిమాలాల్నా?" అన్నాను.

తెరిచింది, అందరికీ. "చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. మార్చేకి, చెరిపేకి మాత్రం కాదు. నీలాంటోళ్లు ఉండారనే ఈ ఏర్పాటు తాతా!" అంది. నా గుట్టు తెలిసినట్టే ఉంది.

పాత తేదీలు ఒక్కొక్కటే తెరుస్తుంటే గదిలోకి చల్లగాలి వచ్చింది, బీడీ వాసన కొట్టింది. ఇదీ నేను కలిపిందే. కరెంటు ఉంది, ఫ్యాను లేదు, ఒళ్లంతా చెమట. అంతే. హంసలు దొరికాయి.

హంసకు కన్నుంది.

నా హంసకు ఏనాడూ కన్ను లేదు. నాతోపాటు గీసిన నరసింహులు బతికున్నన్నాళ్లూ ఎత్తిపొడిచేవాడు. "ఏమప్పా, నీ హంస గుడ్డిది. ఒక్క చుక్క పెడితే నీ సొమ్మేం పోతాది?" అతనన్నాడు కాబట్టే పెట్టలేదు. ఈ అంచును కంప్యూటర్లోకి ఎక్కించింది అతను పోయిన తర్వాతే.

నేను మొదట గీసిన గళ్ల కాగితం తీసి చూశాం. కన్ను లేదు. ఆ ఫైలుతోనే నేసిన పాత చీర తెప్పించి చూశాం. లేదు. "నేను ముట్టలేదు తాతా," అని సుజాత తలమీద చెయ్యి పెట్టుకుంది.

ఓబులేసు ఫోన్ చేశాడు. "చుక్క తీస్తావో, ఉంచుతావో తొందరగా చెప్పన్నా. మగ్గం నిలిచిపోయుండాది."

"ఉండనీలే," అన్నాను. నరసింహులు చేతిలో ఓడిపోవడం అదే మొదటిసారి. సాయంత్రానికి మగ్గం ఆడింది.

పెళ్లిలో ఆ హంస నన్ను చూసి కన్ను గీటిందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాను. గీటలేదు. ఆ చుక్క ఎవరు పెట్టారో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. నేను పెట్టలేదు. ఈ మాటలో ఒక్క పోగు కూడా కలపలేదు.