తగలదని చెప్పి అమ్మిన టికెట్లు

మొన్న ఆత్మకూరులో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్లో కిలో పంచదార, అరకిలో చింతపండు కొన్నందుకు బిల్లు కొట్టే అమ్మాయి నా చేతిలో ఒక కూపన్ పెట్టి, కారు తప్పకుండా మీకే తగులుతుంది సార్ అని భరోసా ఇచ్చింది. కారెక్కితే కడుపులో తిప్పే మనిషినని పాపం ఆమెకు తెలియదు. కూపన్ జేబులో పెట్టుకుంటుంటే మా నాయన గుర్తొచ్చాడు.

మన ఈడువాళ్లకు ఆనాటి లాటరీలు గుర్తుండే ఉంటాయి. ఊరికి ఏదన్నా కావాల్సి వచ్చి, ఊరికే చందా అడగడానికి మొహమాటమైతే, రూపాయికో టికెట్టు అచ్చేసి బస్సుల దగ్గర అమ్మేవాళ్లు. మా ఉదయగిరిలో కాన్పుల గది కట్టాలని పెద్దలు పూనుకున్నప్పుడు ఆ టికెట్ల కట్టలు చిల్లరకొట్టు నడిపే మా నాయనకు అప్పగించారు. మొదటి బహుమతి సీలింగు ఫ్యాను. రెండోది మా ఊళ్లో చెక్కే కొయ్య గరిటెల జత, అంటే అందరిళ్లలోనూ అప్పటికే ఉన్నది.

వింజమూరు బస్సు ఆగీ ఆగకముందే నాయన కిటికీ కిటికీకీ పోయి చెప్పే మాట ఒకటే: “ఇది తగల్దులేబ్బా. తీసుకో, గది లేస్తాది.” నెల్లూరులో బి.కాం. చదువుతూ సెలవులకొచ్చిన నేను, అమ్మేవాడే సరుకును తీసిపారేసే వ్యాపారం ఏ పుస్తకంలోనూ లేదని చెప్పిచూశాను. కొట్లో కందిపప్పు గురించి ఆయన అంత నిజాయితీగా మాట్లాడగా నేను విననూ లేదు. అయినా జనం నవ్వుకుంటూ కొన్నారు, కట్టలన్నీ అయిపోయాయి.

గోడల సున్నం ఆరకముందే ఆ గది ముందర డ్రా తీసి నంబరు చదివారు. ఎవరూ కదల్లేదు. మళ్లీ చదివారు. అప్పుడు నాయనకు వరసకు బావ అయ్యే హోల్‌సేలు వ్యాపారి అందరూ వినేటట్టు, “ఏంది బావా, అమ్మకుండా మిగుల్చుకున్న టికెట్టు తీసినట్టుండారే?” అన్నాడు. ఎగతాళికే అన్నాడు గాని ఎవరూ నవ్వలేదు. అందరూ నాయన మాట నమ్మి కొన్నవాళ్లే, ఆ మాటే ఇప్పుడు అనుమానంలో పడింది. ఫ్యాను పక్కన నిలబడ్డ ఆయన మొహం నేను చూడలేకపోయాను.

జనంలోంచి మేకలు మేపుకునే అవ్వ ఒకామె ముందుకొచ్చింది. “తగల్దని నువ్వే గదా చెప్పినావు అబ్బయా. ఇంక దాన్ని దాచుకోని నేనేం జేసేది? మేకకేసినాను.”

ఆ తర్వాత నాది పొయ్యిలోకి పోయిందని ఒకడు, బస్సు కిటికీలోంచి వదిలేశానని ఒకడు, ఒక్కొక్కరే బయటపడ్డారు. చివరికి బావ కూడా జేబులు తడుముకుని తనదీ లేదని ఒప్పుకున్నాడు. “ఎవురిదైతే ఏందిరా, ఆ ఫ్యాను ఆ గదిలోనే బిగించండి. కనే ఆడబిడ్డకు కాస్త గాలన్నా ఆడతాది,” అంది అవ్వ. నిచ్చెన తెచ్చింది బావే.

మా పెద్దమ్మాయి ఆ ఫ్యాను కిందే పుట్టింది. ఈ మాట చెప్పుకోవడం గొప్పలకు పోవడమే. పోతున్నాను.

నిన్న మళ్లీ ఆ షాపుకెళ్లి, కారు తగలదని చెప్పి కూపన్లు ఇచ్చిచూడమ్మా అన్నాను. “తగలకపోతే ఎందుకు తీసుకుంటారు సార్?” అంది ఆ అమ్మాయి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. ఒకప్పుడు మా ఊరు ఊరంతా తీసుకుందని చెప్పబోయాను గాని, వెనక వరస పెరుగుతుంటే పక్కకు జరిగాను. మొన్నటి కూపన్ ఎక్కడ పెట్టానో మాత్రం నాకు గుర్తులేదు.