మామగారి సంతకం

మా మామగారికి చూపు తగ్గాక ఆయన ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. కింద సంతకం మాత్రం ఆయనే పెట్టేవారు. మొదటి అక్షరం బాగా పెద్దది, చివర కిందికి జారిన ఒక గీత. నాలుగేళ్లు పక్కన కూర్చుని ఆ సంతకం చూశాను. తర్వాత పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. అన్నం కలిపి నోట్లో పెట్టిందీ నేనే.

ఆగిరిపల్లి దగ్గర మాకు రెండు మామిడి తోటలుండేవి. చిన్నది, రసాల తోట, మా ఆయనదని మామగారు నోటిమాటగా అంటుండేవారు. రాసి ఇవ్వకుండానే పోయారు. మరుసటి ఏడు మా ఆయన టైఫాయిడ్‌తో పోయారు. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు. యాభైల చివరి మాట ఇది.

పెద్దకర్మ అయిన వారానికి మా బావగారు నన్ను వసారాలోకి పిలిచారు.

"తోటలు రెండూ నాన్న నా పేరునే పెట్టారమ్మా. నువ్వూ పిల్లా ఇక్కడే తిని ఉండండి. ఎవరు కాదన్నారు?"

కోపంగా అనలేదు.

మామగారి పెట్టెలో రాయని స్టాంపు కాగితం ఒకటి ఉంది. ఎందుకు కొనిపించారో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లంతా కాయ కోతకి వెళ్లిన ఒక మధ్యాహ్నం దాన్ని తీసి, చిన్న తోట చిన్న కొడుక్కి ఇస్తున్నట్టు రాశాను. సాక్షులుగా ఊళ్లో అప్పటికే చనిపోయిన ఇద్దరు ముసలివాళ్ల పేర్లు పెట్టాను. కింద మామగారి సంతకం చేశాను. తర్వాత లేచి వెళ్లి పొయ్యి మీద పప్పు చూసుకున్నాను.

ఆ కాగితంతో కోర్టుకెక్కాను. అది దొంగ కాగితమని బావగారు కేసు పెట్టారు. వాళ్ల ప్లీడరు నన్ను నెమ్మదిగానే అడిగాడు.

"ఈ కాగితం కొన్న తేదీ వెనకాల ఉందమ్మా. అప్పటికి మీ మామగారి చెయ్యి ఆడుతోందా?"

"లేదండీ."

"అన్నం ఎవరు పెట్టేవారు?"

"నేనేనండీ."

ఆ తేదీ నేను చూడకపోలేదు. చూశాను. ఆ చెయ్యి లేవదన్న సంగతే తట్టలేదు. ఎలా మరిచిపోయానో ఇప్పటికీ తెలియదు. రెండేళ్లు వేశారు.

అమ్మాయిని మా తోడికోడలికి అప్పజెప్పాను. "నేను చూసుకుంటాలే, వెళ్లు" అంది, పక్కూరికి పంపుతున్నట్టు. బెజవాడలో రైలెక్కించారు. గోదావరి వంతెన మీద పెట్టెలోవాళ్లంతా నీళ్లు చూడాలని కిటికీల వైపు జరిగారు. పక్కనున్న ముసలి కానిస్టేబులు "చూడమ్మా, ఎంత నీరో" అన్నాడు. చూశాను. గోడని చూసినట్టే ఉంది. అంతకుముందు నేను ఏలూరు దాటి ఎరగను.

జైల్లో పగలంతా బియ్యంలో రాళ్లేరడం, చిరిగిన గుడ్డలు కుట్టడం. నాకు చదువొచ్చని తెలిశాక మిగతా ఆడవాళ్లు ఉత్తరాలు రాయించుకునేవారు. మన్యం వైపు నుంచి వచ్చిన ఒకామె కొడుక్కి రాయించుకుని, "కింద నా పేరు కూడా నువ్వే పెట్టెయ్యవే" అంది.

"నేను పెట్టను. నీ వేలు పెట్టు."

"ఏం, పేరేగా?"

ఆమె బొటనవేలు పట్టుకుని సిరా పూశాను. ఎందుకు వచ్చానో ఆమెకి చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఇంటి నుంచి నాకు రెండు కార్డులొచ్చాయి. పాప బాగుంది అని రెండింట్లోనూ ఉంది. ఏడవాలేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు.

విడుదలయ్యాక బస్సు దిగి నడిచే వెళ్లాను. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసి, లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి "తీసుకోండి" అంది. తోడికోడల్ని అమ్మా అని పిలుస్తోంది. ఆవిడ తల దించుకుని, "ఈవిడ మీ అమ్మేనే" అంది. పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నేను నీళ్లు తాగాను.

"ఉండాలంటే ఉండు. తోట ఊసు మాత్రం ఎత్తొద్దు" అన్నారు బావగారు.

"ఎత్తనండీ" అన్నాను. రెండు రోజులుండి విస్సన్నపేట వచ్చేశాను. పిల్లని తీసుకెళ్తానని అడగలేదు. అడిగితే ఇచ్చేవారేమో.

అక్కడ మామిడి షెడ్డులో గంపల్లో గడ్డి పరిచి కాయలు పేర్చే పని దొరికింది. సీజను లేనప్పుడు నాట్లకీ కలుపులకీ వెళ్లేదాన్ని. నా సంగతి ఊళ్లో తెలుసు. కూలి తక్కువ చెయ్యలేదు, పక్కన ఎవరూ కూర్చోనూ లేదు. ఒక వేసవిలో చిన్న తోట కాయ మా షెడ్డుకే వచ్చింది. బావగారు బండి పక్కన నిలబడి, "బాగున్నావా?" అన్నారు. "బాగానే ఉన్నానండీ" అన్నాను. ఆ కాయా అందరి కాయలాగే పేర్చాను, తొడిమ కిందికి పెట్టి.

మా అమ్మాయికి పదకొండేళ్లు వచ్చాక హైస్కూలు కోసం తోడికోడలే తెచ్చి నా దగ్గర దింపింది. బట్టల సంచి లోపల పెట్టి, కళ్లు తుడుచుకుంటూ బస్సుకి వెళ్లిపోయింది. పిల్ల గోడకి ఆనుకుని నిలబడి, "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అంది.

"నీ ఇష్టం. అన్నం చల్లారిపోతోంది, రా."

వచ్చి కూర్చుంది. ఆ ఏడాదంతా నన్ను ఏమనీ పిలవలేదు.