మూడో ఫ్లాపీ దగ్గర ఆగిన టీకాల రిజిస్టర్

1988లో నరసరావుపేటలో కంప్యూటర్లు నాలుగైదుకు మించి లేవు. గుంటూరులో పని నేర్చుకుని వచ్చి నేనే వాటికి సర్వీసు చేసేవాణ్ణి. అందులో ఒకటి ఒక పిల్లల డాక్టరుగారిది. ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు వెయ్యాలో అందులో ఉండేది. అది చూసి నర్సు సారమ్మగారు తల్లిదండ్రులకు పోస్టుకార్డులు రాసేవారు. కంప్యూటర్లోకి ఎక్కించాక పాత రిజిస్టర్లు పారేశారు.

ఆ వేసవిలో హార్డ్ డిస్క్, అంటే సమాచారం నిలవుండే భాగం, గరగరమనసాగింది. బ్యాకప్ తీసి, అంటే ఫ్లాపీలనే పల్చటి బిళ్లల మీదికి నకలు దించి, డిస్కును ఫార్మాట్ చేద్దామన్నాను. ఫార్మాట్ చేస్తే పలక తుడిచినట్టే, ఏమీ మిగలదు. తొమ్మిది ఫ్లాపీలు పట్టాయి. ప్రతిసారీ సరిగ్గా అయిందనే చెప్పింది సాఫ్ట్‌వేర్. నమ్మి తుడిచేశాను.

తిరిగి ఎక్కిస్తుంటే మూడో ఫ్లాపీ దగ్గర ఆగిపోయింది. తాను రాసిన ఫ్లాపీని సాఫ్ట్‌వేర్ తానే గుర్తుపట్టలేదు. గుంటూరు వెళ్లి మా గురువుగారికి చూపించాను. తప్పు సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని, ఇక రాదని చెప్పారు. తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. టీకా తప్పిన బిడ్డకు ఏమన్నా అయితే?

డాక్టరుగారు అంతా విని సారమ్మగారిని పిలిచారు. "ఇప్పుడేం చేద్దాం సారమ్మా?" అన్నారు.

"తల్లుల దగ్గర టీకా కార్డులున్నయి గదండీ. ఊళ్లెంబడి తిరిగి రాసుకొద్దాం. ఏం తమ్ముడూ, వస్తావా?" అన్నారామె.

నెల రోజులు తిరిగాం. ఈపూరు, కారంపూడి, చుట్టుపక్కల పల్లెలు. సారమ్మగారు ఇళ్లు గుర్తుపట్టేవారు, నేను నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి. ఈపూరులో ఒకామె ట్రంకు పెట్టె అడుగు నుంచి పాలిథిన్ కవరు తీసింది. లోపల గుడ్డలో చుట్టిన కార్డు.

"ఇంత భద్రంగా దాచావేందమ్మా?" అన్నాను.

"మీ నర్సమ్మే గదయ్యా, ఇది పోతే బిడ్డకేం ఏశారో తెలవదని చెప్పింది. చానా జాగర్తగా పెట్టా" అంది.

నాకు తలెత్తబుద్ధి కాలేదు. చదువు రాని ఆమెకున్న జాగ్రత్త నాకు లేకపోయింది.

అందరూ దొరకలేదు. వలస పోయిన కొన్ని కుటుంబాల జాడ తెలియలేదు. దొరికిన పిల్లలకు మాత్రం ఏ టీకా తప్పలేదు.

పేర్లన్నీ మళ్లీ ఎక్కించాక, బ్యాకప్‌కు వేరే మనిషిని పిలిపించుకుంటారేమో అని డాక్టరుగారిని అడిగాను.

"ఎందుకు కరీమ్? నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నువ్వే తియ్యి" అన్నారు.

ఆ రోజు బ్యాకప్ తీసి, ఇంకో మెషీన్లో ఎక్కించి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూశాను. అప్పటి నుంచి తిరిగి ఎక్కించి చూడని నకలును నకలనుకోలేదు. ఆ పద్ధతి నాకు అన్నం పెట్టింది. అది నేర్చుకునే అవకాశం ఇచ్చినవాళ్లు మాత్రం ఆ డాక్టరుగారు, సారమ్మగారు, నేను పేరైనా అడగని ఆ ఈపూరు తల్లి.