కీచుమన్న డిస్కు బ్రేకు

మా కామరాజు బావ స్టీల్ ప్లాంటులో ముప్పయ్యేళ్లు యంత్రాలకి నూనె, గ్రీజు పెట్టే సెక్షన్‌లో ఫోర్‌మన్. 2022లో రిటైరైన నెలకే బెంగళూరు నుంచి కొండలెక్కే సైకిల్ తెప్పించాడు. స్కూటర్ కన్నా ఖరీదు. ఇరవై నాలుగు గేర్లు. బావ వాడేది ఒక్కటే, అదీ కొట్టువాడు పెట్టిచ్చింది. మిగతా ఇరవై మూడూ బీచ్ రోడ్డులో జనానికి చూపించడానికి.

కొండ తొక్కే దమ్ము లేదు గనక, సైకిల్‌ని ఆటో మీద కట్టించి, తను లోపల కూర్చుని కైలాసగిరి ఎక్కేవాడు. పైన హెల్మెట్, గ్లౌజులు తగిలించుకుని ఫొటో దిగి, కిందికి జారేవాడు. ఎదురొచ్చిన వాళ్లతో "ఎక్కడమే కష్టమండీ" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఓ ఆదివారం కొండమీద డిస్కు బ్రేకు కీచుమంది. ఏది కీచుమన్నా నూనె అడుగుతున్నట్టే అనేది బావ ముప్పయ్యేళ్ల చదువు. జేబులోంచి నూనె డబ్బా తీసి, బ్రేకు గట్టిగా పట్టుకోవాల్సిన చక్రం మధ్య ఇనప బిళ్లకి రెండు వైపులా శుభ్రంగా నూనె పట్టించాడు. కీచు ఆగింది. మొదటి మలుపులో సైకిలే ఆగలేదు. బావ తుప్పల్లో తేలాడు.

మర్నాడు మోచేతులకి కట్లతో నన్ను వెంటేసుకుని మెకానిక్ దగ్గరికెళ్లి, సైకిల్ చేసినవాణ్ణి అరగంట తిట్టాడు. మెకానిక్ బిళ్ల మీద వేలు రాసి వాసన చూశాడు.

"దీనికి నూనె ఎవులు రాసీసినారు బాబూ?"

"నేనే," అన్నాడు బావ ఛాతీ విరుచుకుని. "ఏం, సరిపోలేదా?"