చివరి అధ్యాయానికి కచ్చాకుట్టు

పోయిన నెల ఒక పొద్దున పాలకేంద్రం అక్క ఫోన్ చేసింది. "మే, టైలరక్క పోయిందంట. నిద్దట్లోనే" అంది. అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అయ్యో, ఇంకా ఒక అధ్యాయం మిగిలిపోయిండాదే!" అన్నాను. అప్పటిదాకా ఏడుస్తున్న అక్క ఫక్కున నవ్వేసింది. "ఆయమ్మ ఉండుంటే నిన్ను కత్తెరతో పొడిసుండేది" అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

చిత్తూరులో మా వీధి మొదట్లోనే టైలరక్క బ్లౌజుల అంగడి. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, మిషను మీద గుడ్డ కప్పేది. ఆరేడుగురు ఆడవాళ్ళం చాపల మీద చేరితే, తను స్టూలు మీద కూర్చుని నవల చదివేది. ఆమెకు రాజుల కాలపు ప్రేమకథలే కావాలి. కోటలు, గుర్రాలు, పాళెగాళ్ళ కొడుకులు లేని పుస్తకం ఆ అంగడి గడప తొక్కలేదు. ఎందుకక్కా అంటే, "ఈ కాలం ప్రేమలో ఏముండాది మే? యాడుండావు అని ఫోన్ చేస్తే చెప్పేస్తాడు. ఆ కాలంలో మనిషి కండ్లబడేదాకా బతికినాడో లేదో తెలీదు. అదీ కథంటే" అనేది.

కొత్త పుస్తకం రాగానే చివరి అధ్యాయం ఆకులన్నీ కలిపి, అంచున ఎర్రదారంతో కచ్చాకుట్టు వేసేది. కొస పట్టి లాగితే ఊడివచ్చే కుట్టే అది. అయినా ముట్టుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఒకసారి మా గుంపులోని లెక్కల టీచరు పుస్తకం ఇంటికి తీసుకుపోయి, చివరి పేజీ చూసొచ్చి, "రాకుమారికి వేరేవాడితో పెళ్ళయిపోతుంది" అని బయట పెట్టేసింది. టైలరక్క ఆమెతో రెండు వారాలు మాట్లాడలేదు. కుట్టు మొదలైంది అప్పుడే. తను కూడా ముందుగా చూసేది కాదు. కుట్టు విప్పే ఆదివారం ఒక్కొక్కరం కథ ఎట్లా ముగుస్తుందో చెప్పాలి. ఊరికే చెబితే ఒప్పుకోదు. "వాడు వచ్చేవాడే అని నీకెట్ల తెల్సు? యాడ కనిపెట్టినావు? పేజీ సూపించు" అని వకీలులాగా నిలదీసేది. ఆ వాదనల్లో టీ చల్లారిపోయేది.

ఒక నవలలో నాయిక మిద్దెమీద నుంచి కిందనున్న వీరుడి కన్నీళ్ళు చూస్తుంది. అంత ఎత్తు నుంచి కన్నీళ్ళు ఎట్లా కనబడతాయని లెక్కల టీచరు పేచీ పెట్టింది. తేల్చాల్సిందేనని అందరం చంద్రగిరి కోటకు బస్సెక్కాం. మేము రాజమహల్ పైఅంతస్తులో నిలబడితే, టైలరక్క కింద ఎండలో గొడుగేసుకుని, కొంగు కండ్లకద్దుకుంటూ, "ఏడస్తాండా! కనబడతాందా?" అని అరిచింది. మాకు గొడుగు తప్ప ఏమీ కనబడలేదు. కాపలా మనిషి మాత్రం పరుగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా, ఎవరన్నా తప్పిపోయినారా?" అన్నాడు. ఆమె గొడుగు ముడిచి, "సూసినారా మే, కండ్లుండేవాళ్ళకి కనబడింది!" అంది. తిరుగు బస్సులో చిత్తూరు దాకా నవ్వుతూనే ఉన్నాం.

నేను ఈ గుంపులోకి సరదాగా వచ్చినదాన్ని కాను. మా ఆయన పలమనేరు రోడ్డులో ప్రమాదంలో చనిపోయిన ఏడాది నేను ఇల్లు కదిలేదాన్ని కాదు. ఒక ఆదివారం టైలరక్క టేపు మెడలో వేసుకుని వచ్చి, "బ్లౌజు కొలతలియ్యాల, రా" అంది. నేను బ్లౌజే ఇవ్వలేదు కదా అంటే, "ఇస్తావులే" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అప్పుడు చదువుతున్న కథలో సేనాపతి యుద్ధానికి పోయాడు, ఆ పిల్ల ఎదురుచూస్తోంది. అతను చస్తే మళ్ళీ ఈ వైపుకే రాకూడదని లోపల అనుకున్నాను. కుట్టు విప్పేరోజు నా వంతు వచ్చింది. "రాడు" అన్నాను. ఎందుకని ఆమె నన్ను అడగలేదు.

దారం లాగి, పేజీలు తిప్పి చూసింది. ఒక గ్లాసు నీళ్ళు తాగింది. తర్వాత గడగడా చదివింది. సేనాపతి తెల్లగుర్రం మీద కోటగుమ్మంలోకి వచ్చేశాడు.

"మూడో అధ్యాయంలో నల్లగుర్రం కదా?" అంది లెక్కల టీచరు.

"యుద్ధంలో ఎండకి ఎలిసిపోయిండాది. చవక రంగు" అంది టైలరక్క, తల ఎత్తకుండానే.

ఆరోజు నేను నవ్వాను. నెలల తర్వాత నవ్వాను. ఇంటికి పోయి వేడన్నం వండుకుని తిన్నాను. తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే వెళ్ళాను.

కర్మ అయిపోయాక ఆమె కోడలు పుస్తకాల పెట్టె మాకు అప్పగించింది. అందులో ఆ సేనాపతి నవల దొరికింది. ఆఖరి అధ్యాయం తెరిచి మూడుసార్లు చదివాను. సేనాపతి యుద్ధభూమిలోనే చనిపోతాడు. తెల్లగుర్రం ఎక్కడా లేదు. ఒక్క నీళ్ళ గ్లాసు తాగేంతలో అతన్ని నా కోసం బతికించింది ఆ మహాతల్లి! ఉన్నదున్నట్టు చదివి ఉంటే నేను మళ్ళీ ఆ మెట్లు ఎక్కేదాన్ని కాదు. పుస్తకం పెట్టె అడుగున పెట్టేశాను, ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఆదివారం మళ్ళీ షట్టరు సగం దించి కూర్చున్నాం. మిగిలిపోయిన పుస్తకం నా చేతికిచ్చి, నువ్వే చదవమన్నారు. పాళెగాడి కొడుకు యుద్ధానికి పోయి ఉన్నాడు, సాలెవాళ్ళ పిల్ల కోటగుమ్మం దగ్గర కాచుకుని ఉంది. అందరూ వస్తాడన్నారు, పేజీలు కూడా చూపించారు. చివరికి పాలకేంద్రం అక్క వంతు వచ్చింది. టైలరక్కతో ఆమెది నలభై ఏళ్ళ స్నేహం. ఖాళీ స్టూలు వైపు చూస్తూ, "రాడు మే. పోయినోళ్ళు యాడొస్తారు?" అంది. వచ్చే వారం ఈమె రాదని నాకు అర్థమైంది.

దారం లాగాను. పేజీ తిప్పాను. గుర్రం ఒక్కటే తిరిగి వచ్చిందని అచ్చులో ఉంది. నీళ్ళు తాగాను. కథలల్లడం నాకేం తెలుసు?

"వచ్చినాడు" అన్నాను.

లెక్కల టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఏ గుర్రం మీద?" అంది, నవ్వు బిగబట్టి. మిగతా ముఖాల్లో కూడా అదే నవ్వు. అంటే ఆనాటి గుర్రం సంగతి వీళ్ళందరికీ ఎప్పుడో తెలుసు!

"తెల్లదాని మీద" అంది పాలకేంద్రం అక్క నాకంటే ముందే, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "సదువు మే, సదువు." నా ఒళ్ళో పడిన ఎర్రదారం ఏరుకుని, వచ్చే పుస్తకానికని, మిషను మీది రీలుకు మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది.